బారీ సార్, ‘హార్డ్‌లీ’ పుట్టుపూర్వోత్తరాలు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజుల్లో భూపాలపల్లిలో మా బారీ సార్ చేసిన పని గురించి ఎవరో చెబితే నేను నమ్మలేదు. అబ్దుల్ బారీ మానుకోట బడిలో మాకు ఇంగ్లీషు చెప్పిన సార్. మానుకోట అన్నా మహబూబాబాద్ అన్నా ఒకటే ఊరు. ఒకటి మా నోటి పేరు, ఇంకొకటి కాగితాల పేరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఒక్క పిల్లవాడి మీద చెయ్యెత్తలేదు, ఎవరినీ ఒక్క మాట తూలనాడలేదు. అలాంటి మనిషి నలుగురి ముందు ఒక బొగ్గుగని కార్మికుణ్ని వెక్కిరించాడంటే ఎట్లా నమ్మేది?

తర్వాత అదంతా సార్ నోటే విన్నాను. ఆయన భార్య అక్బరీ బేగం కొంత చెప్పింది, ఆ కార్మికుడు వీరేందర్ కొంత చెప్పాడు. ముగ్గురూ చెప్పింది కలిపితే జరిగింది ఇదీ.

రిటైరైన తర్వాత సార్, బేగం మానుకోటలోనే ఉండేవాళ్లు. కూతురు ఆస్మా భర్తకు భూపాలపల్లి గనుల్లో ఉద్యోగం. 2011 సెప్టెంబరులో కూతుర్ని చూసి రెండ్రోజుల్లో వచ్చేద్దామని వెళ్లారు. అంతలో బస్సులు కూడా సమ్మెలోకి దిగాయి. ఇద్దరూ అక్కడే ఉండిపోయారు. గనులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. ఖాళీగా కూర్చోలేక సార్ రోజూ పొద్దున్నే అల్లుడి వెంట కార్మికుల శిబిరానికి పోయేవాడు. అరవై తొమ్మిది ఉద్యమంలో జైలుకు పోయివచ్చిన మనిషని తెలిసి అందరూ మర్యాదగా కుర్చీ వేసేవాళ్లు.

ఆ రోజు ఢిల్లీ నుంచి ఒక టీవీ చానల్ వాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. శిబిరమంతా హడావిడి. అల్లుడితోపాటు ఒకే షిఫ్టులో దిగే వీరేందర్ ఇంటర్ దాకా చదివినవాడు. ఢిల్లీవాళ్లకు తెలుగు రాదు కదా అని తానే ఒక అట్టమీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి, ఉత్సాహంగా సార్ దగ్గరికి తెచ్చాడు.

“సార్, జర సూడుండ్రి. టీవోళ్లకు సమజైతదా?”

అట్టమీద ‘వి వర్క్ హార్డ్‌లీ, గివ్ అస్ అవర్ స్టేట్’ అని ఉంది.

మేం కష్టపడి పనిచేస్తాం, మా రాష్ట్రం మాకివ్వండి అని వీరేందర్ ఉద్దేశం. కానీ ఇంగ్లీషులో ‘హార్డ్’ అంటేనే కష్టపడి అని. దాని చివర ‘లీ’ చేరిస్తే అర్థం తలకిందులవుతుంది. ‘హార్డ్‌లీ’ అంటే చేసీ చేయనట్టు, అసలు చేయనట్టే. పాతాళంలోకి దిగి బొగ్గు తవ్వే మనిషి ‘మేం పనే చెయ్యం, రాష్ట్రం ఇవ్వండి’ అని రాసుకున్నాడన్నమాట.

సార్ ఎప్పట్లాగే పక్కన కూర్చోబెట్టుకుని దిద్దితే సరిపోయేది. ఆయన అట్టను లాక్కున్నాడు. చదివాడు. గట్టిగా, తల వెనక్కి వేసి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ తనది కాని యాసలో అన్నాడు.

“అదేనండీ, మేమూ వింటున్నాం! మీవాళ్లు పనిచేసేది హార్డ్‌లీయేగా!”

శిబిరంలో మోగుతున్న డప్పు ఆగిపోయింది. టీ గ్లాసులు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే ఉండిపోయారు. వెనకనుంచి ఒక ముసలి కార్మికుడు లేచి నిలబడ్డాడు.

“గిదేంది సార్? గా అవుతలోళ్ల లెక్క మాట్లాడవడ్తివి?”

వీరేందర్ అట్ట వంక చూశాడు, సార్ వంక చూశాడు. అతని ముఖం కందిపోయింది. ఏం తప్పు రాశాడో అతనికి తెలియదు, అందరూ తననే చూస్తున్నారని మాత్రం తెలుసు. అర్థంకాక అతనూ ఒక వెర్రి నవ్వు నవ్వాడు. ఆ నవ్వు చూడగానే సార్ చేతిలోంచి అట్ట జారి కిందపడింది. ఆయన తన అరచేత్తో తన నోరు తానే మూసుకున్నాడు. అల్లుడు వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

సార్ సొంతూరు జఫర్‌గఢ్. తండ్రి చాంద్‌పాషా కళాయి పనివాడు. తిత్తి, తగరం మూట భుజాన వేసుకుని కొడకండ్ల దాకా ఊరూరూ తిరిగి ఇత్తడి గిన్నెలకు పూత వేసేవాడు. ఆ పొగలో కొడుకు బతుకు మాడొద్దని చదివించాడు. చిన్న తరగతులు ఉర్దూలో, తర్వాత తెలుగులో, పైచదువు ఇంగ్లీషులో. భాష మారినప్పుడల్లా మొదటినుంచి మొదలుపెట్టినట్టే. అయినా బారీ బి.ఎ. పాసయ్యాడు. వాళ్ల గల్లీలో అతనే మొదటివాడు.

1968లో హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. బల్ల అవతల ముగ్గురు ఆఫీసర్లు, ముగ్గురూ కోస్తావాళ్లు. అంత మారుమూల ఊరినుంచి ఇంత చదువు ఎట్లా చదివావని మధ్యలో ఉన్నాయన ఇంగ్లీషులో అడిగాడు. బారీకి సమాధానం తెలుసు. మెల్లగా అనడానికి ‘స్లో’కు ‘లీ’ చేరుస్తారు, తొందరగా అనడానికి ‘క్విక్’కు చేరుస్తారు. అదే లెక్కన మాట కట్టుకుని, నిటారుగా కూర్చుని, “ఐ వర్క్డ్ హార్డ్‌లీ, సర్” అన్నాడు.

మధ్యలో ఉన్నాయన తల వెనక్కి వేసి నవ్వాడు. “అదేనండీ, మేమూ వింటున్నాం! మీవాళ్లు పనిచేసేది హార్డ్‌లీయేగా!” అన్నాడు. మిగిలిన ఇద్దరూ నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ జవాను కూడా, పెద్దవాళ్లు నవ్వారు కదా అని నవ్వాడు. పెద్దమనుషులు సంతోషించారనుకుని బారీ కూడా నవ్వాడు. లేచి చేతులు జోడించి, “థ్యాంక్యూ సర్” అని చెప్పి మరీ బయటికి వచ్చాడు.

ఊరికి వచ్చాక వ్యాకరణ పుస్తకం తిరగేస్తుంటే సంగతి తెలిసింది. ఒళ్లంతా చల్లబడిపోయిందని నాతో చెప్పాడు. ఉద్యోగం రాలేదని కాదు. వాళ్లతో కలిసి తనూ నవ్వాడు, పైగా థ్యాంక్యూ చెప్పాడు. అది ఆయనకు మింగుడుపడలేదు.

మరుసటి ఏడాది ఉద్యమం లేచింది. జనగామలో ఊరేగింపు అంటే జనగామలో, హనుమకొండలో అంటే హనుమకొండలో. బారీ లేని జులూస్ లేదు. లాఠీ దెబ్బకు మోచేయి విరిగింది. కొన్నాళ్లు జైల్లో ఉన్నాడు. స్థానికులకు ఉద్యోగాలు రావాలనే కదా కొట్లాట, అందుకే తిరుగుతున్నాడని దోస్తులు అనుకున్నారు. అదీ నిజమే. రెండో కారణం ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఏ ఆఫీసు ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టలేదు. ట్రైనింగు చేసి మానుకోటలో సార్ అయ్యాడు. మేం పిల్లలం ఒకటి గమనించాం కానీ పట్టించుకోలేదు. సార్ పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు తప్ప సొంతంగా ఒక్క ఇంగ్లీషు వాక్యం పలికేవాడు కాదు. పాఠం చదివేవాడు, వివరం అంతా తెలుగులో. ఇంగ్లీషులో మాట్లాడే పెద్ద ఆఫీసరు బడికి వస్తున్నాడంటే ఆ రోజు సార్‌కు జ్వరం. ఏటా మొదటి రోజు పాఠంలోకి పోకముందే నల్లబల్ల మీద ‘హార్డ్’, ‘హార్డ్‌లీ’ రాసి, “గీ రెండు ఒక్కటి కాదు. సచ్చినా మర్వొద్దు” అనేవాడు. మేం నవ్వుకునేవాళ్లం.

భూపాలపల్లిలో ఆ మధ్యాహ్నం అన్నం ముందు పెడితే సార్ ముట్టలేదు. ఆస్మా కూతురు నౌషీన్ పక్కనే కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తోంది. హైదరాబాద్ యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎం.ఎ. చదువుతోంది. క్యాంపస్‌లో రోజూ గొడవలు, బాష్పవాయువు. హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి వచ్చింది. తాతను ఆమె ‘నానా’ అని పిలుస్తుంది.

“నానా, నాన్న చెప్పిండు. నువ్వు గట్ల నవ్వే మనిషివి కాదు గద. ఏమైంది?”

అప్పుడు చెప్పాడు. ఇంటర్వ్యూ గది, ముగ్గురు ఆఫీసర్లు, నవ్విన జవాను, థ్యాంక్యూ, అన్నీ. చెప్పడం పూర్తయ్యేసరికి వంటింటి గడపలో అక్బరీ బేగం నిలబడి ఉంది. చేతిలో గరిటె అట్లాగే ఉంది. పెళ్లయి నలభై ఏళ్లు కావస్తోంది. ఆమె ఈ సంగతి వినడం అదే మొదటిసారి.

“ఇత్తీ సీ బాత్?” అంది. ఇంత చిన్న మాటా అని. ఇంట్లో వాళ్లకు దక్కనీ ఉర్దూ, తెలుగు రెండూ కలిసే నడుస్తాయి. కోపం వస్తే మాత్రం ఆమె తెలుగులోకి దిగుతుంది. “ఎన్ని ఆఫీసు నౌకర్లు పడ్డయి అప్పట్ల! ఒక్కదానికన్న దరఖాస్తు పెట్టిన్రా? మా అబ్బాజాన్ మీకు తలబిరుసు అనుకుంటనే సచ్చిపోయిండు. నేనూ గట్లనే అనుకున్న. గిన్నేండ్లు పక్కన పండుకున్న మనిషికి గీ ముక్క చెప్పరాదా?”

“చెప్తె నువ్వు గూడ నవ్వుతవేమో అనుకున్న” అన్నాడు సార్.

ఆమె గరిటె అక్కడే పెట్టి గోడకు చేరగిలబడింది. నవ్వలేదు. ఆ మాటే తనను అన్నిటికంటే ఎక్కువ కొట్టిందని తర్వాత నాతో అంది.

నౌషీన్ ఏదో జ్ఞాపకం తెచ్చుకుంటున్నట్టు తల వంచుకుంది. తర్వాత మెల్లగా అంది, “నానా, మా మేడం ఒకసారి క్లాసుల చెప్పింది. ‘హార్డ్‌లీ’కి మొదటి అర్థం గిప్పటిది కాదంట. వెనకట అది ‘గట్టిగ’, ‘బలం పెట్టి’ అనేదేనంట. నువ్వు అన్నది దాని పాత అర్థం.”

సార్ తల ఎత్తి ఆమెను తేరిపార చూశాడు. తర్వాత ముఖం ఎర్రబడింది.

“నేనేమన్న సంటిపిల్లగాన్నా, బుజ్జగిస్తున్నవ్? నా బాధ సూసి అల్లుతున్నవ్.”

“ఒట్టు నానా. నెట్‌ల గూడ ఉంటది, సూపిస్త పా.”

ఇద్దరూ నెట్ సెంటర్‌కు పోయారు. బొగ్గు తవ్వడం ఆగింది కదా, కరెంటు లేదు. సెంటర్‌కు తాళం. మెట్లమీద నిలబడి సార్ అన్నాడు, “నెట్‌ల ఎవడన్న ఏదన్న రాస్తడు. పుస్తకంల ఉన్నదా? నా కండ్లతోని సూడాలె.”

నౌషీన్ డిగ్రీ జనగామలో ఒక కాలేజీలో చదివింది. అక్కడి గ్రంథాలయంలో ఒక పెద్ద నిఘంటువు ఉంది. అల్మారా నిండా సంపుటాలు. ప్రతి మాట ఎప్పుడు పుట్టింది, ఏ శతాబ్దంలో ఏ అర్థంలో వాడారు, అన్నీ ఉదాహరణలతో ఉంటాయి. ఎవరో రిటైరైన ప్రొఫెసరు కాలేజీకి ఇచ్చిపోయాడట. ఆ సంగతి చెప్పగానే సార్ జనగామ పోతానని పట్టుబట్టాడు. బస్సుల్లేవు, నడిచిపోయే దూరం కాదు.

మర్నాడు పొద్దున సార్ ముందు వీరేందర్ ఇంటికి పోయాడు. అతను వాకిట్లో బండి కడుగుతున్నాడు. సార్‌ను చూసి లేచి నిలబడ్డాడు గాని, రమ్మనలేదు.

“తప్పైంది బిడ్డా” అన్నాడు సార్.

వీరేందర్ బట్ట పిండుతూ అన్నాడు, “నాకు ఇంగ్లీష్ సక్కగ రాదని గనిల అందరికి ఎరుకే సార్. ఎవ్వలు నవ్వలే. మీరు సదువు చెప్పేటోళ్లు, మీరు నవ్విన్రు. పిల్లల ముంగట తలెత్తుకోలేకపోయిన.”

సార్ అరుగు మీద కూర్చుని తన సంగతి చెప్పాడు. వింటూ వింటూ వీరేందర్ చేతిలో బట్ట వదిలేశాడు.

“అంటె మీరు గూడ నా లెక్కనే రాసిన్రా?”

“రాయలే. అన్న. మొకం మీద అన్న.”

వీరేందర్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది. నీళ్ల బకెట్ పక్కకు జరిపి, “కూసోండ్రి సార్ బండి మీద. జనగామ ఎంత దూరం గనుక” అన్నాడు.

చాలా దూరమే. దారిపొడవునా రోడ్లమీద అడ్డుపెట్టిన రాళ్లు, ఎడ్లబండ్లు. ఎక్కడికని అడిగేవాళ్లు. ఒక మాట అర్థం చూడ్డానికి పోతున్నామని వీరేందర్ చెబితే నమ్మక, దవాఖానకు పోతున్నారేమో, చెప్పుకోలేకపోతున్నారని జాలిపడి వదిలేసేవాళ్లు. పరకాల దాటాక రోడ్డుమీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్న జనం ఇద్దరినీ దించి అన్నం పెట్టి గాని పోనియ్యలేదు.

జనగామ కాలేజీ గేటుకు తాళం. పక్కనే టెంటు. అధ్యాపకులు, గుమాస్తాలు దీక్షలో కూర్చున్నారు. నౌషీన్ చెప్పిన లైబ్రేరియన్ ప్రేమలత వాళ్లలోనే ఉంది. నడివయసు మనిషి, మెడలో గులాబీ కండువా. సార్ తన పేరు చెప్పి, నౌషీన్ పేరు చెప్పి, ఒక్కసారి అల్మారా తెరిస్తే చాలన్నాడు. తాళంచెవులు ఆమె బ్యాగులోనే ఉన్నాయి. బ్యాగు మీద చెయ్యి వేసి ఆమె కాసేపు ఆలోచించింది.

“సార్, మీరు పెద్దోళ్లు. కని నేను తాళం తీస్తే సమ్మె ఇరిగినట్టే గద? ఇయ్యాల మీకు తీసిన్నంటె రేపు ప్రిన్సిపాల్‌కు తీయమంటరు. ఎట్ల తీయాలె చెప్పుండ్రి.”

వీరేందర్ ఊరుకోలేదు. “అక్కా, గింత దూరం బండి మీద వచ్చినం. పెద్దమనిషి నడుం ఇరిగింది. ఒక్క నిమిషం గద!”

“ఒద్దు బిడ్డా” అని సారే ఆపాడు. “ఆమె చెప్పిందే కరెక్టు. నేను గూడ తియ్యకపోదును.”

టెంటులో వాళ్లు సార్‌ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. అరవై తొమ్మిది ముచ్చట్లు అడిగారు. సార్ చెబుతున్నాడు గాని చూపంతా ఆ తాళం మీదే ఉందని వీరేందర్ అన్నాడు. సాయంత్రానికి ఖాళీ చేతులతో తిరుగుముఖం పట్టారు.

దసరా వచ్చింది, పోయింది. అక్టోబరులో ఒక్కొక్కరే సమ్మె ఆపుతూ వచ్చారు. రాష్ట్రం రాలేదు. ఎవరి ముఖంలోనూ కళ లేదు. సార్, బేగం మానుకోటకు తిరిగి వచ్చారు. ఇంట్లో సామాను కూడా సరిగా విప్పకముందే సార్ జనగామ పోతానన్నాడు. ఈసారి అక్బరీ బేగం బురఖా వేసుకుని ముందే గుమ్మంలో నిలబడింది. “నేనూ సూడాలె. గా మాట నా బతుకుల గూడ ఉన్నది” అంది. ఇద్దరూ రైలెక్కారు.

ప్రేమలత సార్‌ను గుర్తుపట్టి ఎదురొచ్చింది. అల్మారా తెరిచి బరువైన సంపుటం ఒకటి బల్లమీద పెట్టి, పేజీ తానే తీసింది. సార్ అద్దాలు తుడుచుకుని వేలు పెట్టి చదవసాగాడు. ప్రేమలత పక్కన నిలబడి పాత స్పెల్లింగులు చదవడంలో సాయం చేసింది. సార్ చదివింది చదివినట్టు తెలుగులో బేగంకు చెబుతున్నాడు.

వెయ్యేళ్ల కింద ఆ మాట ‘హెయర్డ్‌లీచె’. గట్టిగా, ధైర్యంగా, జంకులేకుండా అని అర్థం. యుద్ధంలో నిలబడ్డ మనిషి గురించి అనేవాళ్లు. ఆ తర్వాత ఎనిమిది వందల ఏళ్ల కింద బలమంతా పెట్టి, శాయశక్తులా అని. సార్ వేలు అక్కడ ఆగిపోయింది.

“గిదే” అన్నాడు. “నేనన్నది గిదే.”

కిందికి చదివాడు. ఇంకో రెండు వందల ఏళ్లకు ‘కష్టం మీద’ అనే అర్థంలోకి వచ్చింది. కష్టం మీద చేశాడు అంటే, అతి కష్టం మీద, అయీ కానట్టు చేశాడు అనుకుంటూ పోయారు. చివరికి ‘దాదాపు లేదు’ అనేదగ్గర ఆగింది. ఏ చట్టమూ మార్చలేదు. మామూలు మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూ, తరం తర్వాత తరం, ఒక మాటను దాని ఎదురు అర్థంలోకి తోసుకుపోయారు.

‘లీ’ ఎక్కడిదో కూడా అక్కడే ఉంది. అది ‘లీచ్’ అనే పాత మాట దగ్గరినుంచి వచ్చిన తోక. లీచ్ అంటే ఒళ్లు, ఆకారం. పోనుపోను విడిగా ఆ మాటకు శవం అనే అర్థమే మిగిలింది. ఇంగ్లీషులో లీతో ముగిసే క్రియావిశేషణాల వెనక ఎప్పటిదో ఒక మనిషి ఒళ్లు ఉందన్నమాట. గట్టి ఒళ్లుతో, గట్టి తీరులో చేసేది హెయర్డ్‌లీచె.

“ముప్పై ఏండ్లు గీ ‘లీ’లనే చెప్పిన పిల్లలకు” అన్నాడు సార్. “అదేందో నాకే ఎర్కలేదు.”

ఆయన సంతోషిస్తాడని ప్రేమలత ఎదురుచూసింది. సార్ ముఖంలో నెత్తురు లేదు. ఆమె భయపడి కుర్చీ జరిపి నీళ్లు తెచ్చింది.

బేగం పక్కన కూర్చుని అడిగింది, “ఇగ చెప్పుండ్రి. గట్ల రాస్తె తప్పా, ఒప్పా?”

“ఇయ్యాల రాస్తె తప్పే.”

“మరెందుకు గిట్ల అయితున్నరు?”

సార్ అద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. “వాళ్లు ఐదారు వందల ఏండ్లు మెల్లమెల్లగ తప్పు పలుక్కుంట పోతె అది భాష అయ్యింది. నేను ఒక్కపాలి పాత తొవ్వల నడిస్తె నవ్వులాటైంది. నవ్వినాయనకు గూడ గీ సంగతి ఎరుక లేకుండె. నాకూ లేకుండె. ఇద్దరం ఎరుకలేనోళ్లమే. ఒకడు బల్లకు అవుతల కూసున్నడు, ఒకడు ఇవుతల. గంతే ఫరక్.”

తర్వాత ఆయన ఏడ్చాడు. గ్రంథాలయంలో నిశ్శబ్దంగా ఉండాలని పిల్లలకు చెప్పిన మనిషి బల్లమీద తల పెట్టి బయటికి వినబడేట్టు ఏడ్చాడు. ప్రేమలత తలుపు దగ్గరికి వేసి బయటికి పోయి నిలబడింది. బేగం ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన ఒక ఉత్తరాది జంట, వాళ్లకు ఎదురుగా ఇద్దరు కాలేజీ పిల్లలు. కాజీపేట దాటాక ఆ భర్త సార్‌ను ఇంగ్లీషులో, ఇక్కడ గొడవలు ఎందుకు జరుగుతున్నాయని అడిగాడు. సార్ అటూఇటూ చూశాడు. నోరు తెరిచాడు. ఆ రోజు ఇంటర్వ్యూ గది నుంచి బయటికి వచ్చినప్పటినుంచి మొదటిసారిగా సొంత ఇంగ్లీషు వాక్యం ఒకటి చెప్పాడు. తర్వాత ఇంకొకటి. కాలాలు తప్పాయి, కర్తకు క్రియకు పొత్తు కుదరలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు దిద్దిన తప్పులన్నీ తానే చేశాడు. ఎదురుగా ఉన్న పిల్లల్లో ఒకడు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. సార్ ఆ నవ్వు చూశాడు. కానీ ఏమీ కాలేదు. మానుకోట స్టేషను వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. దిగాక బేగం ప్లాట్‌ఫారం మీదే ఆగి ఆయన్ను ఎగాదిగా చూసింది. “మీకు గింత మాట్లాడొస్తదా?” అంది. ఆమెకు నిజంగానే తెలియదు.

ఇంటికి రాగానే వీరేందర్‌కు ఫోన్ చేసి పుస్తకంలో చూసిందంతా చెప్పాడు. అటునుంచి వీరేందర్ పగలబడి నవ్వాడు. “అంటె నేను రాసింది ఎనిమిది వందల ఏండ్ల కిందటి ఇంగ్లీషా సార్! టీవోళ్లకు ఎట్ల సమజైతది మరి!” ఆ నవ్వులో సార్ కూడా కలిశాడు. ఇద్దరి మధ్య రాకపోకలు అప్పుడే మొదలయ్యాయి. ఆ మరుసటి వేసవిలో వీరేందర్ పిల్లలు మానుకోట వచ్చి సార్ ఇంట్లోనే నెలపాటు ఉండి ఇంగ్లీషు నేర్చుకున్నారు. వాళ్లకు సార్ నల్లబల్ల వాడలేదు. మాట్లాడమన్నాడు, తప్పులతోనే మాట్లాడమన్నాడు.

సార్‌ను నేను చివరిసారి చూసింది 2014 ఫిబ్రవరిలో. మానుకోట బజారులో ఒక టైలర్ షాపు ముందు జనం టీవీ చూస్తున్నారు. లోక్‌సభలో తెలంగాణ బిల్లు మీద ఓటింగు. అంతలో సభ తలుపులు మూశారని, ప్రసారం ఆగిపోయిందని తెలిసింది. బొమ్మ లేదు, గొంతు లేదు. ఎవరో చానల్ మారుస్తూ మారుస్తూ ఒక ఇంగ్లీషు చానల్ దగ్గర ఆగారు. కింద అక్షరాలు పరుగెత్తుతున్నాయి. గుంపులో సార్ ఉన్నాడు, పక్కన బేగం.

“సార్, జర సదువుండ్రి! ఏమంటున్నడు?” అని అందరూ ఆయనకు దారి ఇచ్చారు.

సార్ ముందుకు పోయి చదివాడు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. మళ్లీ చదివాడు. తెలుగులో కూడా చెప్పలేకపోయాడు. జనం గాబరాపడ్డారు. ఏదో చెడు వార్తే అయ్యుంటుందనుకున్నారు. ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. అక్బరీ బేగం ముందుకు వచ్చి భర్త ముఖంలోకి చూసింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు.

“అచ్చిందంట” అని జనం వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

ఎవరో పిడికెడు గులాల్ ఎగరేశారు. టైలర్ మిషను వదిలి రోడ్డుమీదికి ఉరికాడు. సార్ ఆ షాపు స్టూలు మీద కూలబడి, చొక్కా నిండా పడ్డ రంగును దులుపుకోకుండా, కింద పరుగెత్తే ఆ అక్షరాలనే చూస్తూ ఉండిపోయాడు.